లైనక్స్ వేస్తుంటే డిస్కు మొరాయిస్తోందా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి, కొత్త తరం ప్రాసెసరు కావాలి. మన ఇళ్లలో ఉన్న పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ రెండూ లేవు. పారేయడానికి మనసొప్పదు, కొత్తది కొనడానికి జేబొప్పదు. అందుకే చాలామంది ఇప్పుడు ఉబుంటు, లైనక్స్ మింట్ వైపు చూస్తున్నారు. మంచి ఆలోచనే.

పెన్‌డ్రైవ్ పెట్టారు, భాష ఎంచుకున్నారు, పేరూ పాస్‌వర్డూ ఇచ్చారు. గీత సగం దాకా పాకింది. అక్కడ ఆగిపోయింది. కాసేపటికి 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అంటూ ఓ డబ్బా వచ్చింది. లేదంటే నల్లటి తెర మీద 'రీడ్ ఎర్రర్' అంటూ తెల్లటి వరసలు పరిగెత్తాయి. ఇప్పుడేం చేయాలి?

ఇక్కడ మనవాళ్లు రెండు రకాలుగా నష్టపోతారు. కొందరు పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కుతారు. చివరికి అందులో ఉన్న ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు అన్నీ పోతాయి. ఇంకొందరు 'డిస్కు పోనాది బాబూ, కొత్తదేయించుకో' అన్న మాట వినేసి బాగున్న డిస్కుని తీసి పక్కన పడేస్తారు. నిజానికి తప్పు పెన్‌డ్రైవ్‌ది కావచ్చు. ఈ రెండు నష్టాలూ తప్పించుకోవాలంటే ఓ గంట ఓపిక, చేతిలో ఫోను ఉంటే చాలు.

ముందు చేతులు కట్టుకోండి

ఎర్రర్ కనబడగానే చేయాల్సిన మొదటి పని ఫోన్‌తో ఆ తెరని ఫొటో తీయడం. అందులో ఉన్న అక్షరాలు, అంకెలే మనకి ఆధారం. రీస్టార్ట్ కొడితే అవి పోతాయి.

రెండో పని, మిమ్మల్ని మీరు ఓ ప్రశ్న అడగండి. ఈ డిస్కులో ఉన్నదానికి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా? లేకపోతే ఇన్‌స్టాలేషన్ సంగతి ఇవాళ్టికి మర్చిపోండి. 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి' అన్న ఆప్షన్ ఇచ్చేశారా? అప్పుడు కూడా కంగారు పడొద్దు. పాత పార్టిషన్లు పోయినా, వాటిపైన కొత్త డేటా పడని చోట పాతది ఇంకా అలాగే ఉంటుంది. మీరు మళ్లీ ప్రయత్నించిన ప్రతిసారీ అందులో ఇంకొంత భాగం శాశ్వతంగా పోతుంది. అందుకే ఆగమనేది.

డిస్కు లోపల నుంచి టక్ టక్ మని లయగా చప్పుడొస్తుంటే వెంటనే పవర్ తీసేయండి. అది రాసే చదివే హెడ్ దెబ్బతిన్న గుర్తు. ఇంకే సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. తిప్పుతున్న కొద్దీ పళ్లెం గీసుకుపోతుంది. డేటా ముఖ్యమైతే డిస్కు విప్పి డేటా తీసే నిపుణుల దగ్గరికి వెళ్లడమొక్కటే దారి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని యూట్యూబ్‌లో ఎవరో చెబుతారు. నమ్మకండి. మన సముద్రపు గాలిలోని తేమంతా ఆ చల్లటి డిస్కు మీద నీళ్లై కూర్చుంటుంది.

చదవలేకపోయింది ఎవరు?

'రీడ్ ఎర్రర్' అంటే ఏదో ఒక చోట నుంచి డేటా చదవడం కుదరలేదని మాత్రమే. ఎక్కడి నుంచి అన్నది అసలు ప్రశ్న. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ నుంచి చదువుతుంది, ర్యామ్‌లో పెట్టుకుంటుంది, కేబుల్ మీదుగా డిస్కుకి పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ గతుకున్నా తెర మీద కనబడే మాట ఇంచుమించు ఒకటే. ఉబుంటు, మింట్‌లలో వాడుతూ వచ్చిన ఇన్‌స్టాలర్ తన మెసేజ్‌లోనే ఈ సంగతి ఒప్పుకుంటుంది. సీడీ పాడై ఉండొచ్చు, డ్రైవ్ పాడై ఉండొచ్చు, హార్డ్ డిస్క్ పాతబడి ఉండొచ్చు, కంప్యూటర్‌ని చల్లటి చోటికి మార్చి చూడండి అంటుంది.

దొంగని పట్టుకోవడానికి ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై' అన్న ఆప్షన్‌తో లైవ్‌గా లోపలికి వెళ్లండి. టెర్మినల్ తెరిచి సుడో అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, డి, ఎం, ఇ, ఎస్, జి అనే 5 ఇంగ్లిష్ అక్షరాలు కలిపి టైప్ చేసి ఎంటర్ నొక్కండి. కెర్నల్ రాసుకున్న డైరీ అంతా వచ్చేస్తుంది. ఎర్ర అక్షరాల్లో ఉన్న వరసలు చూడండి.

అందులో డివైస్ పేరు ఉంటుంది. మామూలుగా లోపలి సాటా డిస్కు ఎస్‌డీఏ, పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ. డీవీడీ అయితే ఎస్‌ఆర్0. కొన్ని మిషన్లలో మొదటి రెండూ తారుమారవుతాయి. కాబట్టి 'డిస్క్స్' అనే యాప్ తెరిచి సైజు చూసి పోల్చుకోండి. 500 జీబీ ఉన్నది డిస్కు, 16 జీబీ ఉన్నది పెన్‌డ్రైవ్. ఎర్రర్‌లో పెన్‌డ్రైవ్ పేరున్నా, స్క్వాష్ఎఫ్ఎస్ అన్న మాట కనిపించినా తప్పు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ వైపే ఉన్నట్టు. మీ హార్డ్ డిస్కు జోలికి ఇంకా వెళ్లొద్దు.

ఎర్రర్‌లో డిస్కు పేరుండి, పక్కన యూఎన్‌సీ అన్న 3 అక్షరాలుంటే డిస్కు పళ్లెం మీదే మచ్చ ఉంది. చదివింది, దిద్దుకోవడానికి ప్రయత్నించింది, కుదరలేదు అని దానర్థం. ఐసీఆర్‌సీ అని ఉంటే మాత్రం డిస్కు నిర్దోషి కావొచ్చు. డేటా దారిలో, అంటే కేబుల్ దగ్గర చెడిందన్నమాట.

పెన్‌డ్రైవ్ సంగతి తేల్చండి

చౌకగా తేలే పని ఇదే కాబట్టి ముందు ఇదే చేయాలి. మొబైల్ డేటా మీద 3 జీబీ ఐఎస్‌ఓ ఫైలు దించుతుంటే మధ్యలో సిగ్నల్ పోతుంది, మళ్లీ వస్తుంది. పైకి పూర్తయినట్టే ఉంటుంది, లోపల మాత్రం సరిగ్గా ఉండదు. అందుకే లైనక్స్ సైట్లు ప్రతి ఐఎస్‌ఓకీ షా256 అనే 64 అక్షరాల ముద్ర ఇస్తాయి. విండోస్‌లో సెవెన్‌జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి మీ కాపీ ముద్ర చూడొచ్చు. రెండూ ఒక్క అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మళ్లీ దించుకోవాల్సిందే.

ముద్ర కలిసినా పెన్‌డ్రైవ్ మోసం చేయొచ్చు. రోడ్డు పక్కన చౌకగా దొరికే వాటిలో పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల అంత ఉండదు. రాయమంటే రాసినట్టే నటిస్తుంది, చదవమంటే చేతులెత్తేస్తుంది. ఎఫ్3 అనే ఉచిత టూల్‌తో దాని అసలు సైజు బయటపడుతుంది. బాలెనా ఎచర్ లాంటి సాఫ్ట్‌వేర్ రాసిన తర్వాత తిరిగి చదివి సరిచూస్తుంది కాబట్టి దాన్ని వాడటం మేలు.

ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ ఇదే, మరి పెన్‌డ్రైవ్ ఎలా తయారు చేయాలి అంటారా? మీ ఫోన్ ఉందిగా. ఎచ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌తో, ఓటీజీ కేబుల్ పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్ నుంచే ఐఎస్‌ఓని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించొచ్చు. రూట్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది మొత్తం చెరిగిపోతుంది, అదొక్కటి గుర్తుంచుకోండి.

పెన్‌డ్రైవ్‌ని వేరే యూఎస్‌బీ పోర్టులో కూడా పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టు కాకుండా వెనక వైపు, బోర్డుకి నేరుగా ఉన్నదాంట్లో పెట్టండి. ఇంత చిన్న మార్పుకే ఎర్రర్ మాయమయ్యే సందర్భాలున్నాయి.

డిస్కు ఆరోగ్య కార్డు

పెన్‌డ్రైవ్ నిర్దోషి అని తేలితే ఇక డిస్కు వంతు. ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యాన్ని తనే రాసుకుంటుంది. దాని పేరు స్మార్ట్. లైవ్‌లో ఉండగానే 'డిస్క్స్' యాప్‌లో మీ డిస్కుని ఎంచుకుని, పైనున్న మెనూలో 'స్మార్ట్ డేటా' తెరవండి. పెద్ద పట్టిక వస్తుంది. అన్నీ చదవక్కర్లేదు, 4 వరసలు చాలు.

5వ నంబరు, రీఎలొకేటెడ్ సెక్టార్లు. పాడైపోయి, బదులుగా వేరే చోటు కేటాయించిన గదుల లెక్క ఇది.

197, పెండింగ్ సెక్టార్లు. చదవలేకపోయినవి, తేల్చాల్సినవి. ఇన్‌స్టాలేషన్‌లో రీడ్ ఎర్రర్లకి ఎక్కువగా ఇదే కారణం.

198, అన్‌కరెక్టబుల్. డిస్కు తనకు తానుగా పరీక్షించుకున్నప్పుడు దిద్దలేకపోయినవి.

199, సీఆర్‌సీ ఎర్రర్లు. ఇది కేబుల్ తప్పు. ఈ అంకె ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు. కాబట్టి పాత అంకెని చూసి భయపడొద్దు, ఇప్పుడు పెరుగుతోందా లేదా అన్నదే చూడండి.

మొదటి 3 వరసల్లో సున్నా ఉంటే సంతోషం. అంకెలుంటే జాగ్రత్త. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి 2007లో ఓ అధ్యయనం ప్రచురించారు. స్కాన్‌లో మొదటిసారి ఎర్రర్ కనబడిన డిస్కు, ఎర్రర్ లేని డిస్కుతో పోలిస్తే, ఆ తర్వాతి 60 రోజుల్లో చచ్చిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేల్చారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతీ ఉంది. చచ్చిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, బలమైన హెచ్చరికలనుకున్న 4 స్మార్ట్ లెక్కల్లో దేనిలోనూ ముందుగా ఏమీ చూపించలేదు. అంటే కార్డు చెడ్డగా ఉంటే నమ్మండి, బాగుంటే పూర్తిగా నమ్మకండి. పైన 'డిస్క్ ఈజ్ ఓకే' అన్న మాట చూసి ఊరుకోవద్దని చెప్పేది ఇందుకే.

కేబులూ ర్యామూ కూడా అనుమానితులే

199 పెరుగుతుంటే డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి, లేదా మార్చండి. లాప్‌టాప్‌లో డిస్కుని బయటికి లాగి కనెక్టర్ చూడండి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి కాంటాక్టులు నల్లబడటం మామూలే. పవర్ తీసి, బ్యాటరీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక పెట్టండి.

ర్యామ్ సంగతి గమ్మత్తుగా ఉంటుంది. ఎర్రర్ ప్రతిసారీ ఒకే చోట వస్తే డిస్కునో పెన్‌డ్రైవ్‌నో అనుమానించాలి. ఒకసారి 20 శాతం దగ్గర, ఇంకోసారి 70 దగ్గర వస్తుంటే ర్యామ్‌ని అనుమానించాలి. ఒకే ఫైలుకి రెండుసార్లు షా256 చూస్తే రెండు రకాలుగా వచ్చిందంటే అనుమానం బలపడినట్టే. మెమ్‌టెస్ట్86 ప్లస్ చాలా లైనక్స్ పెన్‌డ్రైవ్‌ల బూట్ మెనూలోనే ఉంటుంది. కనీసం ఒక రౌండు పూర్తయ్యేదాకా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ కనబడినా ర్యామ్ తీసి, కాంటాక్టులు శుభ్రం చేసి, ఒక్కో స్టిక్కూ విడిగా పెట్టి చూడండి.

మన వైపు డిస్కులకి వచ్చే కష్టాలు

చాలా లాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. దానిపైన హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన తల వెంట్రుక మందం దానికి వేల రెట్లు. అలాంటి వస్తువుని ఆఫ్ చేయకుండా మూతేసి, బ్యాగులో పడేసి, బైకు మీద గతుకుల్లో తీసుకెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి.

రెండోది కరెంటు. పాత లాప్‌టాప్‌లలో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. చార్జర్ పెట్టుకుని నేరుగా నడిపేస్తాం. కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఏదో రాస్తూ ఉంటే ఆ సెక్టారు సగం రాతతో మిగిలిపోతుంది. ప్రతి సెక్టారుకీ చివర దిద్దుబాటు కోడ్ ఒకటుంటుంది. రాత, కోడ్ కలవకపోతే డిస్కు దాన్ని 'చదవలేను' అని పెండింగ్‌లో పెడుతుంది. ఇది నిజమైన గాయం కాదు, మళ్లీ పైన రాస్తే మానిపోతుంది. ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టే ముందు ఇన్వర్టర్ లైనులో పెట్టుకోమనేది కూడా అందుకే.

తుఫాన్ల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ తుఫానుకి ముందు తోటలో తీసుకున్న ఫొటో మీ ఇంటి పాత లాప్‌టాప్‌లో ఉండి ఉంటే, దాన్ని మళ్లీ తీయలేం. లైనక్స్ ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఆ ఫొటో ఉన్న డిస్కు మాత్రం ఇంకెన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం.

డేటా బయటికి ఇలా

డిస్కు జబ్బుపడిందని తేలితే దాన్ని రిపేరు చేయడానికి పరిగెత్తొద్దు. ముందు కాపీ, తర్వాతే రిపేరు. పార్టిషన్ మీద చెక్ డిస్క్ లాంటివి అసలు నడపొద్దు. అవి డిస్కు మీద రాస్తాయి, ఉన్నదాన్ని కూడా చెడగొట్టగలవు.

ఎర్రర్లు ఒకటీ అరా ఉంటే లైవ్ లైనక్స్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి, ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టి, ముఖ్యమైన ఫోల్డర్లు ముందు కాపీ చేసుకోండి. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రాజెక్టు ముందు. సినిమాలు చివర. విండోస్ డ్రైవ్ తెరుచుకోకపోతే విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో సగం నిద్రలో ఉందేమో చూడండి. చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తే ఆ పరిస్థితిలో సురక్షితం. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ లేకుండా ఏమీ కుదరదు.

ఎర్రర్లు ఎక్కువగా ఉంటే మామూలు కాపీ ఒక్క పాడైన చోట గంటలు గంటలు వేలాడుతుంది. దీనికి సరైన మందు జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఉబుంటు, మింట్ స్టోర్లో దాని ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ ఇచ్చి లైవ్‌లోనే దించుకోవచ్చు. దీని తెలివి ఏమిటంటే, బాగున్న భాగాలన్నీ ముందు గబగబా తీసేసుకుంటుంది. మొండికేసిన చోట్లని వదిలేసి చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అయితే ఆ మ్యాప్ ఫైలు పెన్‌డ్రైవ్ లైవ్ సెషన్‌లో కాకుండా బయటి డిస్కులో దాచాలి. లైవ్‌లో రాసింది రీస్టార్ట్‌తో పోతుంది.

కాపీ పడే డిస్కు పాతదానికంటే పెద్దదై ఉండాలి. ఏది నుంచి, ఏది లోకి అన్నది మూడుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది. కాపీ అయిపోయాక టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి టూల్స్‌ని ఆ కాపీ మీద మాత్రమే నడపండి. చెరిగిపోయిన పార్టిషన్లు, ఫొటోలు వాటితో చాలావరకు తిరిగొస్తాయి.

ఆఖరి పరీక్ష

డేటా భద్రంగా బయటికొచ్చాక ఆ డిస్కుకి ఓ అవకాశం ఇవ్వొచ్చు. 'డిస్క్స్' యాప్‌లో ఫార్మాట్ ఎంచుకుని, త్వరగా అయ్యేది కాకుండా మొత్తం సున్నాలతో నింపే ఆప్షన్ పెట్టండి. గంటలు పడుతుంది. తర్వాత 'ఎక్స్‌టెండెడ్' సెల్ఫ్ టెస్ట్ నడపండి. అదీ గంటలే. రాత్రి పెట్టి పడుకోండి.

పొద్దున్న కార్డు చూడండి. 197 సున్నాకి వచ్చి, 5వ నంబరు పెరగకుండా ఉండి, టెస్ట్ పాసైతే అది కరెంటు కోత చేసిన గాయమే. లైనక్స్ వేసుకోండి, నెలకోసారి కార్డు చూసుకోండి. 5వ నంబరు పెరిగి, వారానికి మళ్లీ పెరుగుతుంటే పళ్లెం మీద మచ్చ విస్తరిస్తోంది. దాని పని అయిపోయింది. పాడైన చోటు వదిలేసి మిగతాదాంట్లో పార్టిషన్ చేసుకోవచ్చని కొందరు చెబుతారు. వీలే గానీ, అందులో మీ డిగ్రీ ప్రాజెక్టు పెట్టమని మాత్రం చెప్పలేం.

షాపుకి వెళ్లాల్సి వస్తే

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి అయినా, విజయనగరం కోట జంక్షన్ అయినా, మీరు చేతులూపుకుంటూ వెళ్తే వాళ్లు చెప్పిందే వేదం. ఫోన్‌లో 3 ఫొటోలతో వెళ్లండి. ఎర్రర్ తెర, స్మార్ట్ పట్టిక, మెమ్‌టెస్ట్ ఫలితం. అప్పుడు మాట వేరుగా ఉంటుంది. 'అన్నా, 197లో 40 ఉంది, ర్యామ్ బాగానే ఉంది, ఎస్‌ఎస్‌డీ వేయాలి' అంటే మీకు కావాల్సిందే వేస్తారు. పాత డిస్కుని మాత్రం తప్పకుండా తిరిగి అడగండి. అది మీది, అందులో డేటా మీది. పాత లాప్‌టాప్‌కి సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే తిరిగే పళ్లేలు ఉండవు, గతుకుల భయం ఉండదు, వేగం కూడా బాగా పెరుగుతుంది. అయితే ఎస్‌ఎస్‌డీ చెప్పకుండా ఒక్కసారిగా పోయే రకం. బ్యాకప్ అలవాటు దానికీ తప్పదు.

ఒంటరిగా కష్టమనిపిస్తే మీ కాలేజీలో లైనక్స్ వాడే సీనియర్లని అడగండి. తెలుగు మెనూలతో లైనక్స్ తెచ్చిన 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు రాష్ట్రాల్లో విద్యార్థులతో కలిసి పనిచేస్తోంది. సీడాక్ వాళ్లు మన దేశం కోసం చేసిన బాస్ లైనక్స్ కూడా ఉంది. ఏది వేసినా వరస మాత్రం ఒకటే. ముందు ఫొటో, తర్వాత పెన్‌డ్రైవ్, తర్వాత ఆరోగ్య కార్డు, తర్వాత కాపీ. ఇన్‌స్టాల్ బటన్ అన్నిటికంటే చివర.